రేణువు సైజు మారితే కణంలోకి ఎంత చేరుతుంది? కొలవడం ఎలా

"ఏ సైజు రేణువులు జీవకణాల్లోకి బాగా వెళ్తాయి?" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఒక్క అంకె చెప్పమంటారు. బాగా ప్రచారంలో ఉన్న అంకె 50 నానోమీటర్లు. 2006లో హీలా కణాలకు (ప్రయోగశాలలో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) 14 నుంచి 100 నానోమీటర్ల బంగారు రేణువులు ఇచ్చి చూసినప్పుడు 50 దగ్గర ఎక్కువగా చేరాయి. అక్కడి నుంచి వచ్చింది ఆ అంకె. మీ కణాలు వేరు, మీ రేణువుల పదార్థం వేరు అయినప్పుడు అది మీకు వర్తించాలని లేదు. బయటి వస్తువులను మింగే రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లనే తీసుకోండి. అవి 2–3 మైక్రోమీటర్ల గోళాలను బాగా పట్టుకుంటాయి. అందుకే మీ కణాల మీద మీరే కొలుచుకోవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. చిక్కంతా ఎక్కడంటే, సైజు మార్చినప్పుడు సైజు ఒక్కటే మారదు. అదే బరువులో ఉండే రేణువుల సంఖ్య మారుతుంది, అవి అడుగుకు దిగే వేగం మారుతుంది, ఒక్కో రేణువు ఇచ్చే వెలుగు మారుతుంది, మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) గుంపు కట్టే తీరు మారుతుంది. వీటిని విడదీయకుండా గీసిన గ్రాఫ్ చూడ్డానికి బాగుంటుంది కానీ దేన్ని చూపిస్తోందో ఎవరూ చెప్పలేరు. అందుకే కింది అంచెల్లో సగానికి పైగా ఈ విడదీసే పనే ఉంటుంది.

పద్ధతి ఫ్లోరోసెంట్ (కాంతి పడితే వెలిగే) పాలీస్టైరీన్ ప్లాస్టిక్ గోళాలకు, ప్లేటుకు అతుక్కుని పెరిగే కణాలకు రాశాం. మిగతా వాటికి ఏం మార్చాలో ఎక్కడికక్కడ చెప్పాం.

సిద్ధాంతం ఇంతవరకు చాలు

కణం తన పొరను లోపలికి ముడిచి, ఆ బుడగల్లో రేణువులను తీసుకుంటుంది. క్లాథ్రిన్ అనే ప్రోటీన్ తొడుగుతో ఏర్పడే బుడగలు సుమారు 100 నానోమీటర్లు ఉంటాయి, పొర మీది చిన్న గుంటలైన కేవియోలే 60–80 నానోమీటర్లు. అంతకు మించినవాటిని కణం పొరను చాచి చుట్టేసి తీసుకోవాలి, అంటే మాక్రోపైనోసైటోసిస్ (చుట్టూ ఉన్న ద్రవంతో కలిపి తీసుకోవడం) లేదా ఫాగోసైటోసిస్ (రేణువును మింగడం). సుమారు 500 నానోమీటర్లు దాటిన రేణువులను మింగడం మాక్రోఫేజ్‌ల వంటి కణాలకు రోజువారీ పని. హీలా, ఏ549 (ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు) వంటివి కూడా మింగుతాయి కానీ మెల్లగా, కొద్దిగా.

కావలసినవి

- 50, 100, 200, 500, 1000 నానోమీటర్ల ఫ్లోరోసెంట్ పాలీస్టైరీన్ గోళాలు. అన్నీ కార్బాక్సిల్ ఉపరితలంతో, ఒకే రంగుతో, ఒకే తయారీదారువి
- హీలా లేదా ఏ549 కణాలు. పోల్చుకోవడానికి రా 264.7 మాక్రోఫేజ్‌లు ఉంటే మంచిది
- 10 శాతం సీరం (రక్తం నుంచి తీసిన ప్రోటీన్ల ద్రవం) కలిపిన మీడియం. ప్రయోగం మొత్తానికి సరిపడా ఒకే బ్యాచ్ సీరం
- 24 వెల్ (గుంట) ప్లేట్లు, 0.17 మి.మీ. మందం కవర్‌స్లిప్‌లు
- పీబీఎస్ (కడిగే ఉప్పు ద్రావణం), 0.25 శాతం ట్రిప్సిన్ (కణాలను ప్లేటు నుంచి లేపే ఎంజైమ్), ఈడీటీఏ (కణాల పట్టు సడలించేది), బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ప్రోటీన్), 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, ట్రైటాన్ ఎక్స్-100 (డిటర్జెంట్)
- చనిపోయిన కణాలను గుర్తించే రంగు. ఆకుపచ్చ గోళాలైతే ప్రొపీడియం అయోడైడ్ సరిపోతుంది
- 100 కిలోడాల్టన్ల డయాలిసిస్ పొర, అదే కొలత సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్లు
- డీఎల్‌ఎస్ యంత్రం (చెదిరిన కాంతితో రేణువుల సైజు కొలిచేది), బాత్ సోనికేటర్ (ధ్వని తరంగాలతో గుంపులను విడదీసేది), ఫ్లో సైటోమీటర్ (ఒక్కో కణం వెలుగును కొలిచేది), ఫ్లోరోసెన్స్ ప్లేట్ రీడర్, వీలైతే కన్ఫోకల్ మైక్రోస్కోప్

20 నానోమీటర్ల గోళాలు కావాలనే జాబితాలో పెట్టలేదు. సీరం ప్రోటీన్ల సైజూ దాదాపు ఆ దరిదాపుల్లోనే ఉండటం వల్ల మీడియంలో వాటిని డీఎల్‌ఎస్‌తో నమ్మకంగా కొలవలేం. మొదటిసారి చేసేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు.

1. రేణువులు ఎంచుకోండి

సైజు తప్ప మిగతాదంతా ఒకటిగా ఉండాలి. 100 నానోమీటర్లవి కార్బాక్సిల్, 200 నానోమీటర్లవి అమైన్ తీసుకుంటే మీరు కొలిచేది సైజు కాదు, ఉపరితల ఆవేశం. పైగా అమైన్ ఉపరితలం ఉన్న చిన్న పాలీస్టైరీన్ గోళాలు కణాలను చంపేస్తాయి. చచ్చిన కణం రేణువులను ఇష్టం వచ్చినట్టు పీల్చుకుంటుంది.

సీసాతో వచ్చే పత్రం చదవండి. అందులో అసలు వ్యాసం ఉంటుంది. "100" అని అమ్మినది 93 కావచ్చు, 110 కావచ్చు. లెక్కల్లో ఆ అసలు అంకెనే వాడండి. వ్యాసంలో 5 శాతం తేడా వస్తే రేణువుల సంఖ్యలో 16 శాతం తేడా వస్తుంది.

ఎఫ్‌ఐటీసీ రంగు వేసిన రేణువులు వద్దు. లైసోజోమ్ (కణంలో పదార్థాలను అరిగించే సంచి) లోపల పీహెచ్ 4.5–5 ఉంటుంది, అక్కడ ఎఫ్‌ఐటీసీ వెలుగు బాగా పడిపోతుంది. త్వరగా లైసోజోమ్ చేరిన సైజు తక్కువ చేరినట్టు కనిపిస్తుంది. పీహెచ్‌కు చలించని రంగును ఎంచుకోండి.

2. స్టాక్‌ను శుభ్రం చేయండి

సీసాల్లో రేణువులతో పాటు సాధారణంగా సోడియం అజైడ్, సర్ఫాక్టెంట్ ఉంటాయి. అజైడ్ కణం శక్తి తయారీని ఆపుతుంది, అంటే మీరు కొలవబోయే ప్రక్రియనే అడ్డుకుంటుంది. 10 మి.గ్రా./మి.లీ. స్టాక్‌ను వెయ్యి రెట్లు పలచన చేస్తే దాని ప్రభావం పెద్దగా మిగలదు. వంద రెట్లే పలచన చేసే ప్రయోగమైతే డయాలిసిస్ తప్పదు. 1 మి.లీ. స్టాక్‌ను లీటరు శుద్ధమైన నీటిలో 24 గంటలు ఉంచి, మధ్యలో మూడుసార్లు నీళ్లు మార్చండి. అన్ని సైజులకూ ఇదే చేయండి. పెద్దవాటిని సెంట్రిఫ్యూజ్‌తో, చిన్నవాటిని డయాలిసిస్‌తో శుభ్రం చేస్తే సైజుల మధ్య కొత్త తేడా మీరే తెచ్చిపెట్టినట్టు. పైగా అడుగున గట్టిగా నొక్కుకుపోయిన రేణువులు మళ్లీ పూర్తిగా విడిపోవు.

డయాలిసిస్ తర్వాత గాఢత మారుతుంది. శుభ్రం చేయని స్టాక్‌తో ప్రామాణిక రేఖ గీసి, దాని పక్కన శుభ్రం చేసినదాని ఫ్లోరోసెన్స్ కొలిచి కొత్త గాఢత కట్టండి.

రంగు కారుతోందో లేదో ఇప్పుడే చూసుకోండి. రేణువులను మీడియంలో 37 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, 100 కిలోడాల్టన్ల ఫిల్టర్ గుండా దింపండి. కిందికి వచ్చిన ద్రవాన్ని కణాలకు 4 గంటలు ఇచ్చి సైటోమీటర్‌లో చూడండి. ఏమీ ఇవ్వని కణాల కంటే వెలుగు పెరిగితే రంగు కారుతున్నట్టే, ఆ సీసా ఈ ప్రయోగానికి పనికిరాదు. చిన్న రేణువులకు బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ, కాబట్టి కారడమూ వాటిలోనే ఎక్కువ. "చిన్నవి బాగా వెళ్లాయి" అన్న తప్పుడు ఫలితం రావడానికి ఇదొక రాచబాట.

స్టాక్‌ను ఎప్పుడూ గడ్డకట్టించకండి. గడ్డకట్టి కరిగిన గోళాలు ముద్దలవుతాయి, తర్వాత ఎంత సోనికేట్ చేసినా ఫలితం ఉండదు.

3. సైజును మీడియంలోనే కొలవండి

నీళ్లలో కొలిచిన సైజు కణాలకు తెలియదు. అవి చూసేది సీరం ప్రోటీన్ల తొడుగు వేసుకున్న రేణువును. కాబట్టి డీఎల్‌ఎస్‌ను రెండు ద్రవాల్లోనూ చేయండి. మొదట నీళ్లలో, తర్వాత సీరం కలిపిన మీడియంలో 37 డిగ్రీల దగ్గర, కలిపిన వెంటనే ఒకసారి, 4 గంటల తర్వాత మరోసారి.

నీళ్లలో పాలీడిస్పర్సిటీ సూచిక (రేణువుల సైజులు ఎంత చెదురుగా ఉన్నాయో చెప్పే అంకె) 0.1 లోపు ఉండాలి. మీడియంలో వ్యాసం పది ఇరవై నానోమీటర్లు పెరగడం మామూలే, అది ప్రోటీన్ తొడుగు. 100 నానోమీటర్లది 350 చూపిస్తే అది తొడుగు కాదు, గుంపు. చెదిరిన కాంతి తీవ్రత చిన్న రేణువుల్లో వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి కొద్దిపాటి గుంపులు కూడా సగటును లాగేస్తాయి. తీవ్రత గ్రాఫ్‌లో రెండో శిఖరం ఉందేమో కళ్లతో చూడండి, సగటు అంకె ఒక్కటే రాసుకోకండి.

గుంపు కడుతుంటే ఇలా చేయండి. స్టాక్‌ను 30 సెకన్లు వోర్టెక్స్ చేసి (యంత్రం మీద గిరగిరా కుదిపి), 5–10 నిమిషాలు బాత్ సోనికేటర్‌లో పెట్టండి. తర్వాత మీడియంలో కలిపేటప్పుడు మీడియాన్ని తిప్పుతూ చుక్క చుక్కగా వేయండి. సీరం లేని మీడియంలో ముందు కలిపి తర్వాత సీరం పోస్తే గుంపులు ఖాయం, ఎందుకంటే మీడియంలోని లవణాలు రేణువుల మధ్య వికర్షణను తగ్గించేస్తాయి. సీరం ముందే ఉండాలి.

4. డోసు లెక్క వేయండి

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. ఒక రేణువు బరువు = సాంద్రత × 3.14 × వ్యాసం ఘనం ÷ 6. పాలీస్టైరీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.05 గ్రాములు. ఒక మి.లీ.లో 10 మైక్రోగ్రాములు వేస్తే అందులో ఎన్ని రేణువులు, ఎంత ఉపరితలం ఉంటాయో చూడండి:

- 50 నానోమీటర్లు: 14,500 కోట్ల రేణువులు, 11.4 చ.సెం.మీ.
- 100 నానోమీటర్లు: 1,820 కోట్లు, 5.7 చ.సెం.మీ.
- 200 నానోమీటర్లు: 227 కోట్లు, 2.9 చ.సెం.మీ.
- 500 నానోమీటర్లు: 14.5 కోట్లు, 1.1 చ.సెం.మీ.
- 1000 నానోమీటర్లు: 1.8 కోట్లు, 0.57 చ.సెం.మీ.

బరువు ఒకటే, సంఖ్యలో మాత్రం పై గీతకూ కింది గీతకూ 8,000 రెట్ల తేడా. అలాగని సంఖ్యను సమానం చేద్దామంటే కుదరదు. 50 నానోమీటర్లవాటితో సమానమైన సంఖ్యలో 1000 నానోమీటర్లవి ఇవ్వాలంటే మి.లీ.కి 80 మి.గ్రా. పోయాలి. స్టాక్ సీసాలో కూడా అంత ఉండదు.

మా సలహా ఇది. బరువును ఆధారంగా పెట్టుకోండి, కానీ ఒక్క డోసుతో ఆగకండి. ప్రతి సైజునూ మి.లీ.కి 1, 3, 10, 30 మైక్రోగ్రాముల దగ్గర పరీక్షించండి. నాలుగు బిందువులు ఉంటే అదే డేటాను తర్వాత సంఖ్య మీద, ఉపరితలం మీద మళ్లీ గీయవచ్చు. పక్కపక్క సైజులను (100, 200; 200, 500) సమాన ఉపరితలం దగ్గర నేరుగా పోల్చడానికీ వీలవుతుంది.

కణానికి ఎన్ని అందుతున్నాయో కూడా కట్టండి. వెల్‌కు లక్ష కణాలు, అర మి.లీ. మీడియం, 10 మైక్రోగ్రాముల డోసు అనుకుందాం. 50 నానోమీటర్లవి ఒక్కో కణం వాటాకు 7 లక్షలకు పైగా వస్తాయి. 1000 నానోమీటర్లవి వచ్చేది 91. కణం 40 మింగేసిందంటే మీడియంలో సగం దాకా ఖాళీ అయినట్టే. అప్పుడు గ్రాఫ్ చదునైతే కణం కడుపు నిండిందని కాదు, పెట్టింది అయిపోయిందని.

5. కణాలు నాటండి

ప్రయోగానికి ముందురోజు వెల్‌కు 50,000 కణాలు అర మి.లీ. మీడియంలో నాటండి. మర్నాటికి లక్షకు దగ్గరగా, ప్లేటు అడుగు సుమారు 70 శాతం నిండి ఉండాలి. కిక్కిరిసిన కణాలు తక్కువ తీసుకుంటాయి, పలచగా ఉన్నవి ఎక్కువ తీసుకుంటాయి. వెల్‌కూ వెల్‌కూ మధ్య సాంద్రత మారితే సైజు ప్రభావం అందులో కలిసిపోతుంది.

ప్లేటు అంచు వెల్స్‌లో మీడియం ఆవిరై గాఢత పెరుగుతుంది. వాటిలో పీబీఎస్ పోసి వదిలేయండి. సైజులను వరుసగా ఎడమ నుంచి కుడికి పెట్టకుండా కలగలిపి పెట్టండి. ప్రతి సైజుకూ మూడు వెల్స్, మొత్తం ప్రయోగం వేర్వేరు రోజుల్లో మూడుసార్లు.

6. రేణువులు ఇవ్వండి

రేణువుల మీడియాన్ని వేరే గొట్టంలో తయారుచేసి 37 డిగ్రీలకు వేడిచేయండి. కలిపిన తర్వాత ఎంతసేపటికి కణాల మీద పోస్తారో ఆ సమయం అన్ని సైజులకూ ఒకటే ఉండాలి. 10 నిమిషాలు పెట్టుకోండి. వెల్‌లోని పాత మీడియం మొత్తం తీసేసి కొత్తది అర మి.లీ. పోయండి. పాత మీడియంలోకి గాఢమైన చుక్క వేసి ప్లేటు ఊపడం చాలామందికి అలవాటు. ఆ చుక్క పడిన చోట కణాలకు పదింతలు, అంచున ఉన్నవాటికి నామమాత్రంగా అందుతుంది.

సమయాలు: అరగంట, 1, 2, 4 గంటలు. సైజుల మధ్య పోలికకు మొదటి నాలుగు గంటల వాలు అన్నిటికంటే నమ్మదగినది. 24 గంటలు పెడితే కణాలు ఒకసారి విభజన చెందుతాయి, లోపలున్న రేణువులు పిల్ల కణాల మధ్య పంచుకుపోతాయి. 24 గంటల అంకె తప్పనిసరైతే కణాల లెక్కను కూడా పక్కన ఇవ్వండి.

అదే సమయంలో ఇంకో ప్లేటు 4 డిగ్రీల దగ్గర నడపండి. కణాలను అరగంట ముందే చల్లబరచండి, రేణువుల మీడియాన్ని కూడా చల్లగా పోయండి. ఆ ఉష్ణోగ్రతలో రేణువులు పొరకు అంటుకుంటాయి కానీ లోపలికి పోవు. కార్బన్ డయాక్సైడ్ లేని చోట పీహెచ్ మారకుండా 20 మిల్లీమోలార్ హెపెస్ బఫర్ కలపండి.

7. కడిగి విడదీయండి

మీడియం తీసేసి చల్లని పీబీఎస్‌తో మూడుసార్లు ప్లేటులోనే కడగండి. కణాలను లేపిన తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో కడిగితే చాలదా అని అడుగుతుంటారు. చాలదు. సిలికా, బంగారం వంటి బరువైనవి కణాలతో పాటే అడుగుకు చేరి లెక్కలో కలిసిపోతాయి.

ట్రిప్సిన్ 3–5 నిమిషాలు, తర్వాత సీరం మీడియంతో ఆపి, 300 జి దగ్గర 5 నిమిషాలు తిప్పండి. 1 శాతం బీఎస్‌ఏ, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న చల్లని పీబీఎస్ 300 మైక్రోలీటర్లలో కలిపి, 40 మైక్రోమీటర్ల జల్లెడ గుండా పంపండి. రా 264.7 కణాలు ట్రిప్సిన్‌కు సరిగా లేవవు. చల్లని ఈడీటీఏలో 10 నిమిషాలు ఉంచి స్క్రేపర్‌తో మెల్లగా లేపండి.

8. సైటోమీటర్‌లో చూడండి

ప్రొపీడియం అయోడైడ్ కలిపి, చనిపోయిన కణాలను, జంట కణాలను తీసేసి, ఒక్కో నమూనాకు 10,000 బతికున్న కణాలు లెక్కించండి. గేట్ (ఏ కణాలు లెక్కలోకి రావాలో చెప్పే హద్దు) వేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. రేణువులు నిండిన కణాల్లో సైడ్ స్కాటర్ (పక్కకు చెదిరే కాంతి) పెరుగుతుంది. ఏమీ ఇవ్వని కణాలను చూసి గేట్ ఇరుకుగా గీస్తే బాగా మింగిన కణాలే గేట్ బయటకు పోతాయి.

డిటెక్టర్ వోల్టేజ్‌ను అన్నిటికంటే వెలిగే నమూనాతో సరిచేసి, ఆ తర్వాత ముట్టుకోకండి. 500, 1000 నానోమీటర్ల విడి రేణువులు తక్కువ ఫార్వర్డ్ స్కాటర్ (ముందుకు చెదిరే కాంతి) దగ్గర విడిగా కనిపిస్తాయి. అక్కడ చుక్కలు దట్టంగా ఉంటే కడగడం సరిపోలేదని అర్థం. గొట్టాల్లో రేణువులు అతుక్కుని తర్వాతి నమూనాలోకి వస్తాయి. తక్కువ డోసు నుంచి ఎక్కువ డోసుకు వెళ్లండి, సైజు మారినప్పుడల్లా శుభ్రపరిచే ద్రవం, నీళ్లు నడపండి. చివర్లో ఏమీ ఇవ్వని కణాలను మళ్లీ ఒకసారి నడపండి. మొదట వచ్చిన అంకే రావాలి.

9. వెలుగును రేణువుల సంఖ్యగా మార్చండి

ఈ అంచె దాటేసి "200 నానోమీటర్లవి 100 నానోమీటర్లవాటికంటే ఐదింతలు వెళ్లాయి" అని రాసినవి చాలా కనిపిస్తాయి. రంగు గోళమంతా నిండి ఉంటే 200 నానోమీటర్ల గోళం ఒక్కటే సుమారు ఎనిమిది 100 నానోమీటర్ల గోళాలంత వెలుగుతుంది. ఐదింతల వెలుగంటే నిజానికి తక్కువ సంఖ్యలో వెళ్లినట్టు.

*పెద్దవాటికి (500, 1000):* సైటోమీటర్ హిస్టోగ్రామ్‌ను సరళ స్కేల్‌లో తెరవండి. ఏమీ మింగని కణాల శిఖరం తర్వాత సమాన దూరాల్లో చిన్న చిన్న శిఖరాలు వరుసగా కనిపిస్తాయి. ఒక గోళం మింగిన కణాలు, రెండు మింగినవి, మూడు మింగినవి. రెండు శిఖరాల మధ్య దూరమే ఒక్క గోళం వెలుగు. కణాల సగటు వెలుగులోంచి ఏమీ ఇవ్వని కణాల సగటును తీసేసి, ఆ దూరంతో భాగిస్తే కణానికి ఎన్ని గోళాలో వస్తుంది. ఇక్కడ మీడియన్ వాడకండి. సగానికి పైగా కణాలు ఏమీ మింగకపోతే మీడియన్ సున్నా చూపిస్తుంది.

*చిన్నవాటికి (50, 100, 200):* శిఖరాలు విడివిడిగా రావు. పక్క వెల్స్‌లో కణాలను కడిగి, 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 ఉన్న పీబీఎస్ 200 మైక్రోలీటర్లలో అరగంట కరిగించి, నల్ల ప్లేటులో ఫ్లోరోసెన్స్ కొలవండి. ప్రామాణిక రేఖను నీళ్లలో కాకుండా, ఏమీ ఇవ్వని కణాలను కరిగించిన ద్రవంలోనే తయారుచేయండి. డిటర్జెంట్ రేణువుల వెలుగును మారుస్తుంది. రెండు వైపులా అదే ద్రవం ఉంటేనే పోలిక నిలుస్తుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. 100 నానోమీటర్ల రేణువులిచ్చిన వెల్‌లో 0.05 మైక్రోగ్రాములు దొరికాయనుకోండి. దాన్ని ఒక రేణువు బరువుతో భాగిస్తే 9.1 కోట్ల రేణువులు. లక్ష కణాలకు పంచితే కణానికి 910. వెల్‌లో పోసింది 5 మైక్రోగ్రాములు, కాబట్టి లోపలికి చేరింది డోసులో 1 శాతం. ఈ మూడు అంకెలనూ, అంటే కణానికి సంఖ్య, కణానికి బరువు, డోసులో శాతం, ప్రతి సైజుకూ పక్కపక్కన రాయండి.

ఎందుకంటే అవి ఒకదానికొకటి ఎదురు చెప్పవచ్చు. ఉదాహరణకు ఒక కణం 50 నానోమీటర్లవి 8,000 తీసుకుంది, మరొకటి 500 నానోమీటర్లవి 10 తీసుకుంది అనుకుందాం. సంఖ్యలో మొదటిది 800 రెట్లు ముందుంది. బరువులో రెండోదే కాస్త ఎక్కువ. మందు మోసుకెళ్లే రేణువుల గురించి అడిగేవాళ్లకు బరువు ముఖ్యం. పొర మీది రిసెప్టర్లు ఎన్నిసార్లు పనిచేశాయి అని అడిగేవాళ్లకు సంఖ్య ముఖ్యం. మీ ప్రశ్న ఏదో ముందే తేల్చుకోండి.

10. లోపల ఉన్నాయా, పైన అంటుకున్నాయా?

సైటోమీటర్‌కు ఆ తేడా తెలియదు. 4 డిగ్రీల ప్లేటు విలువ 37 డిగ్రీల విలువలో పదోవంతు దాటితే మేమైతే ఆ అంకెను అప్‌టేక్ (కణం లోపలికి చేరినది) అని రాయం. ఇంకోసారి కడిగి చూడండి. తగ్గకపోతే రంగు కారడం గురించి రెండో అంచె మళ్లీ చేయండి. విడి రంగు 4 డిగ్రీల దగ్గర కూడా పొర దాటిపోతుంది, రేణువు దాటదు.

ట్రైపాన్ బ్లూ పోస్తే బయటి రేణువుల వెలుగు ఆరిపోతుందన్నది పాత చిట్కా. రంగు ఉపరితలం మీద ఉన్న రేణువులకే అది పనిచేస్తుంది. రంగు గోళం లోపల నింపిన పాలీస్టైరీన్‌కు ట్రైపాన్ బ్లూ అందదు, బయటివి కూడా వెలుగుతూనే ఉంటాయి. ముందు ఒట్టి రేణువుల మీద పోసి చూడండి. అక్కడ ఆరకపోతే కణాల మీద వాడే పనే లేదు.

కన్ఫోకల్ కోసం కవర్‌స్లిప్ మీద పెంచిన కణాలను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 15 నిమిషాలు స్థిరపరచి, పొరకు డబ్ల్యూజీఏ రంగు, కేంద్రకానికి డాపీ వేయండి. 0.3 మైక్రోమీటర్ల అంతరంతో పొరలు పొరలుగా తీసి, పక్క కోత చిత్రంలో చుక్క పొర గీతకు లోపల ఉందో లేదో చూడండి. చుక్కలుగా కాకుండా కణమంతా మసకగా వెలిగితే అది కారిన రంగు. చుక్క పరిమాణం చూసి రేణువు సైజు చెప్పకండి. కాంతి మైక్రోస్కోప్ అడ్డంగా విడదీయగలిగేది సుమారు 200 నానోమీటర్లే, 50 నానోమీటర్లదీ అంతే కనిపిస్తుంది.

హెచ్చరిక: అసిటోన్‌తో స్థిరపరచకండి, జైలీన్ లేదా టాలూయీన్ ఉన్న మౌంటింగ్ మీడియం వాడకండి. అవి పాలీస్టైరీన్‌ను ఉబ్బించి కరిగిస్తాయి. స్లైడ్ మీద రేణువులు మాయమై రంగు మాత్రం అంతటా పరుచుకుని ఉంటుంది.

బరువైన రేణువులతో వచ్చే తంటా

24 వెల్ ప్లేటులో అర మి.లీ. పోస్తే మీడియం ఎత్తు సుమారు 2.6 మి.మీ. అందులో 1000 నానోమీటర్ల పాలీస్టైరీన్ గోళం గంటకు సుమారు 0.14 మి.మీ. దిగుతుంది, అంటే 4 గంటల్లో ఐదోవంతు రేణువులు అడుగుకు చేరతాయి. 100 నానోమీటర్లది దాదాపు దిగనే దిగదు. అది అటూ ఇటూ కదలాడుతూ గంటలో 0.2 మి.మీ. మేర వ్యాపిస్తుంది. అదే 1000 నానోమీటర్ల సిలికా అయితే గంటకు 2.8 మి.మీ., అంటే గంట తిరిగేసరికి దాదాపు అన్నీ కణాల మీద కూర్చుంటాయి. 4 గంటల తర్వాత "పెద్ద సిలికా బాగా వెళ్లింది" అంటే అందులో కణం ఎంచుకున్నది ఎంత, నెత్తిన పడింది ఎంత?

తేల్చడానికి సులువైన దారి ఉంది. కణాలు పెరిగిన కవర్‌స్లిప్‌ను చిన్న ఆధారాల మీద బోర్లించి, కణాలు కిందికి చూసేలా పెట్టి అదే డోసు ఇవ్వండి. పక్కన మామూలుగా పెట్టినదానితో పోల్చండి. రెండింట్లో ఒకే అంకె వస్తే దిగడం ప్రభావం లేదు. బోర్లించినదాంట్లో పడిపోతే ఆ సైజు దగ్గర మీరు కొలిచింది ఎక్కువగా గురుత్వాకర్షణనే. బంగారు రేణువులతో ఈ తేడా స్పష్టంగా వస్తుందని 2011లోనే చూపించారు.

అంకెలు తేడాగా వస్తే

*అన్ని సైజులూ ఒకేలా వస్తున్నాయి.* రంగు కారుతుండవచ్చు, లేదా మీడియంలో అన్నీ ఒకే పరిమాణం గుంపులు కట్టి ఉండవచ్చు. మూడో అంచెలోని 4 గంటల డీఎల్‌ఎస్ చూడండి.

*మూడు రోజుల ప్రయోగాలు మూడు రకాలుగా ఉన్నాయి.* సీరం బ్యాచ్ మారిందా, కణాల సాంద్రత మారిందా, సోనికేషన్ సమయం మారిందా చూడండి. చాలావరకు ఈ మూడింట్లో ఏదో ఒకటే.

*సీరం తీసేస్తే ఎక్కువ వెళ్తున్నాయి.* వెళ్తాయి. ప్రోటీన్ తొడుగు లేని రేణువు పొరకు గట్టిగా అంటుకుంటుంది. అది తప్పు ఫలితం కాదు కానీ సీరం ఉన్న అంకెలతో ఒకే గ్రాఫ్‌లో కలపకండి.

*పెద్ద సైజులో కొన్ని కణాలే వెలుగుతున్నాయి.* అది సహజం. సగటుతో పాటు రేణువులున్న కణాల శాతం కూడా ఇవ్వండి.

*ఏ మార్గంలో వెళ్లాయో తెలుసుకోవాలి.* క్లోర్‌ప్రోమజైన్, జెనిస్టీన్, డైనసోర్ వంటి నిరోధకాలు వాడతారు. ఒక్కటీ ఒకే మార్గాన్ని మాత్రమే ఆపదు. డైనసోర్ సీరం ప్రోటీన్లకు అతుక్కుని పనిచేయకుండా పోతుంది కాబట్టి సీరం లేకుండా ఇవ్వాలి, దాంతో ప్రోటీన్ తొడుగు కూడా మారిపోతుంది. క్లాథ్రిన్ మార్గం ఆగిందని చెప్పాలంటే అదే ప్లేటులో, ఆ మార్గంలోనే వెళ్లే ఫ్లోరోసెంట్ ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్ కూడా ఆగిందని చూపించాలి.

*సైటోమీటర్ అందుబాటులో లేదు.* కరిగించి ప్లేట్ రీడర్‌లో కొలిచే పద్ధతి ఒక్కటే అన్ని సైజులకూ వాడవచ్చు. కణానికీ కణానికీ ఉన్న తేడా మాత్రం తెలియదు. 500, 1000 నానోమీటర్లవాటిని మామూలు ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద కంటితోనే లెక్కపెట్టవచ్చు. వెల్‌కు కనీసం 100 కణాలు, ఏ వెల్‌లో ఏ సైజు ఉందో తెలియని మనిషి చేత లెక్కించండి. బంగారు రేణువులైతే కణాలను ఆమ్లరాజంలో (గాఢ నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో) కరిగించి ఐసీపీ-ఎంఎస్‌లో (మూలకాలను కొలిచే యంత్రంలో) కొలవండి. అక్కడ వచ్చేది బరువు. సంఖ్య కావాలంటే దాన్ని ఒక్క రేణువు బరువుతో భాగించాలి. ఆ బరువును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో కొలిచిన వ్యాసంతో కట్టాలి, డీఎల్‌ఎస్ వ్యాసంతో కాదు, ఎందుకంటే దాంట్లో తొడుగు కూడా కలిసి ఉంటుంది.